ముప్పై ఏడో మెట్టు

నగర సంగీత మందిరంలోని ఆర్గన్ వాద్యానికి ముప్పై ఏడో మెట్టు ఇకముందు ఎన్నడూ పలకరాదని సంగీత పోషక సమితి ఏకగ్రీవంగా తీర్మానించినట్టు యావన్మంది పౌరులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. తీర్మానం రాసింది నేనే. సమితి కార్యదర్శిగా ఇరవై రెండేళ్ళుగా తీర్మానాలు రాస్తున్నాను. వాటిలో ఒక్క అక్షరదోషం చూపించినవాడు ఇంతవరకు లేడు. అర్థదోషాలు నా పరిధిలోకి రావు.

ఆర్గన్‌ను దగ్గర్నుంచి చూడని పాఠకుల కోసం రెండు మాటలు. మందిరంలో వేదిక వెనక గోడంతా ఆక్రమించిన గొట్టాల వరుస అది. అన్నిటికన్నా పెద్ద గొట్టం మనిషికి మూడింతలుంటుంది, చిన్నది చిటికెన వేలంత. కింద తిత్తి గాలి పీల్చి గాలిపెట్టెలోకి తోస్తుంది. వాయించేవాడు మెట్టు నొక్కగానే గాలిపెట్టెలో అరచేతిలో పట్టేంత తోలుసంచి ఒకటి ముడుచుకుని దారి వదులుతుంది. గాలి గొట్టంలోకి వెళ్ళి పలుకుతుంది. అరవై ఒక్క మెట్లకు అరవై ఒక్క తోలుసంచులు, ఒక్కోదానికి ఒక్కో అర. సంచి చిరిగితే ఆ మెట్టు మూగబోతుంది. ఇందులో తత్వం ఎక్కడుందని మీరు అడగవచ్చు. మాకూ మొదట కనిపించలేదు. పెద్దలు కష్టపడి వెతికితే దొరికింది.

సమితి అధ్యక్షులవారు నీటి సరఫరా శాఖలో పైపుల అధికారిగా ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. పైపులతో అంత అనుభవం ఉన్న మనిషి ఊళ్ళో మరొకరు లేరు కనుక, పైపులున్న వాద్యాన్ని ఆయనకు అప్పగించడమే న్యాయమని అందరూ అనుకున్నారు. పదవి స్వీకరించిన రోజు ఆయన ఆర్గన్ చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడక్కడా వేలితో తడిమి, ఎక్కడా కారడం లేదని సంతృప్తి ప్రకటించారు.

వాద్యాన్ని నిజంగా చూసుకునేది వేరే మనిషి. గొట్టాల శ్రుతి సరిచేయడం ఆమె పని గనుక అందరూ శ్రుతమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండి ఉండాలి. ఉద్యోగం తాత్కాలికం. తాత్కాలికంగా ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. చెవుల్లో దూది, నడుముకు చిన్న సుత్తి, చేతుల నిండా జిగురు వాసనతో ఆమె పొద్దున్నే గాలిపెట్టెలోకి పాక్కుంటూ వెళ్ళేది, మధ్యాహ్నం దుమ్ముతో బయటికి వచ్చేది. వేదిక మీద ఆమెను చూసినవారు లేరు. చూడవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

పదకొండేళ్ళ క్రితం ఒక సోమవారం ముప్పై ఏడో మెట్టు పలకలేదు. శ్రుతమ్మ అర మూత తీసి చూసి, తోలుసంచి చిరిగిందనీ, జానెడు మెత్తని తోలు ఇప్పిస్తే మధ్యాహ్నానికల్లా కొత్తది కుట్టి అతికిస్తాననీ నాకు అర్జీ పెట్టింది. ఆమె చేసిన తప్పల్లా అదే. ఎవరినీ అడక్కుండా తన పాత చేతిసంచి కత్తిరించి అతికించుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అర్జీ అంటూ వచ్చాక పరిశీలించాలి. పరిశీలనలో ఉన్న వస్తువును పరిశీలన ముగిసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కనుక నేనే వెళ్ళి ఆ అర మూతకు లక్క ముద్ర వేసి వచ్చాను. లక్క చక్కగా అంటుకుంది.

దస్త్రం ప్రయాణం మొదలైంది. తోలు అన్నారు కనుక ముందు పశువుల శాఖకు వెళ్ళింది. తోలు ఏ జంతువుదో, ఆ జంతువు ఏ కారణం చేత మరణించిందో తెలపవలసిందిగా వారు కోరారు. గాలి ప్రస్తావన ఉంది కనుక వాతావరణ శాఖకు వెళ్ళింది. ఆరుబయట వీచే గాలికే తాము బాధ్యులమనీ, పెట్టెలో గాలి తమది కాదనీ వారు తిప్పి పంపారు. శబ్ద నియంత్రణ విభాగం మాత్రం, ఒక వాద్యం ఒక మెట్టు మేరకు తగ్గినందుకు సమితిని అభినందిస్తూ లేఖ రాసింది. ఆ లేఖకు చట్రం కట్టించి నా గదిలో తగిలించాను. అలా తిరిగి తిరిగి బాగా లావెక్కిన దస్త్రం చివరికి నా బల్ల మీదికే చేరింది. నా గది కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకునేది. దస్త్రం అడ్డం పెట్టాక ఆ బాధ తప్పింది. దస్త్రాల వల్ల ప్రజలకు ఉపయోగం లేదనేవాళ్ళు ఒకసారి వచ్చి నా కిటికీ చూడవచ్చు.

గోటితో పోయేది ఈలోగా గొడ్డలిదాకా వచ్చింది. ఆ రోజుల్లో మందిరంలో గంభీరమైన పెద్ద రచనలే వాయించేవారు. ఒక్కోటి గంటన్నర. వాటికి నిమిషానికి రెండుసార్లు ముప్పై ఏడో మెట్టు కావాలి. పన్ను ఊడిన పెద్దమనిషి ఉపన్యాసం ఇస్తున్నట్టు ఉండేది. జనం మొదట నవ్వారు, తరువాత రావడం మానేశారు. ఖాళీగా ఉన్న మందిరాన్ని పాత దస్త్రాలు పెట్టుకునే గోదాముగా మార్చాలనీ, గొట్టాలను నీటి సరఫరా శాఖకు అప్పగించాలనీ అధ్యక్షులవారు ఆలోచన చేశారు. నాకైతే అందులో తప్పు కనిపించలేదు.

సరిగ్గా ఆ వారమే వాద్యకారుడి ముందు ఒక కొత్త కాగితం కనిపించింది. మా వాద్యకారుడు ఉత్తముడు. ముందర ఏ కాగితం పెడితే అది వాయిస్తాడు. ఒకసారి మందిరం శుభ్రతా నియమాల కాగితం పొరపాటున పెడితే రెండు వరుసలు వాయించాక గానీ అనుమానం రాలేదంటారు. కొత్త కాగితం మీద ఉన్నది మూడు నిమిషాల పాట. లలిత శాస్త్రీయం. పేరు ‘గొడుగు మరిచినవాడు’. వానలో గొడుగు లేని మనిషి చూరు నుంచి చూరుకు గెంతుకుంటూ వెళ్తున్నట్టు ఉండేది. పాట ఒక్కో మెట్టూ ఎక్కి ఎక్కి పైకి వెళ్ళి, సరిగ్గా ముప్పై ఏడు రావలసిన చోట ఒక్క ఊపిరి ఆగి, మరో దారిన కిందికి దిగేది. చచ్చిన మెట్టు అవసరమే రాదు. గోదాము రాకుండా ఆపడానికి ఎవరో దాన్ని లెక్కగా అల్లారని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. సమితిలో చిన్నపిల్లలు లేరు.

రాసిందెవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కానీ మందిరం పద్నాలుగో నియమం ప్రకారం సిబ్బంది రచనలు మందిరంలో వాయించరాదు. వాయిస్తే ఉద్యోగం పోతుంది. కార్యక్రమ పత్రంలో ఎవరి పేరు వేయాలని వాద్యకారుడు అడిగితే, శ్రుతమ్మ గొట్టాల మధ్య నుంచి తల బయటపెట్టి, “మా పక్కింటాయన అని వేసెయ్యండి” అందట. వాద్యకారుడు ఏ కాగితాన్నీ ప్రశ్నించనట్టే ఏ మాటనూ ప్రశ్నించడు. ‘రచన: పక్కింటాయన’ అని అచ్చయింది.

తరువాత ఇంకా వచ్చాయి. ‘రొట్టెల దుకాణం ముందు’, ‘ఆదివారం చొక్కా’, ‘మేనత్త కోపం’. పదకొండేళ్ళలో నలభై మూడు పాటలు. జనం తిరిగి వచ్చారు. ట్రాము నడిపేవాళ్ళు, నర్సులు, కుట్టుపని చేసేవాళ్ళు పని ముగించుకుని నేరుగా వచ్చి కూర్చునేవారు, వెళ్ళేటప్పుడు కూనిరాగం తీసుకుంటూ వెళ్ళేవారు. ఇది సమితికి మొదట చాలా బాధ కలిగించింది. అర్థమయ్యే సంగీతం మీద మాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. సాయంకాల పత్రిక విమర్శకుడు వచ్చి విని, ఇది వంటింట్లో ఈల వేసుకునే సరుకని రాశాడు.

ఏడో కచేరీలో చరిత్ర మలుపు తిరిగింది. ‘గొడుగు మరిచినవాడు’ పైదాకా ఎక్కి ఆగిన ఆ ఒక్క ఊపిరిలో అధ్యక్షులవారి కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. ఆయన తల వంచి వెతుక్కున్నారు. అధ్యక్షులవారు తల వంచారంటే ఏదో ఉండే ఉంటుందని మొదటి వరుస వంచింది. మొదటి వరుసను చూసి రెండోది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే ఊరు మాది. ఆఖరి వరుస తల వంచేసరికి పాట అయిపోయి చాలాసేపయింది గానీ, అలవాటు లేని పని కదా, తరువాత కచేరీల్లో వేగం వచ్చింది.

విమర్శకుడి కుర్చీ స్తంభం వెనక ఉంటుంది. అక్కడినుంచి వేదిక కనపడదు, జనం కనపడతారు. తలలన్నీ ఒక్కసారి వంగడం చూసి అతడు చలించిపోయాడు. మర్నాడు పత్రికలో అయిదు కాలమ్‌ల వ్యాసం వచ్చింది. పక్కింటాయన పలికించని ఆ స్వరమే ఆయన అసలు స్వరమట. పూర్తిగా పలికేది పామర సంగీతమట. మనిషి జీవితంలో అందనిదేదో ఆ మెట్టు మీద కూర్చుని ఉందట. వ్యాసం చివర, తాను మొదటినుంచీ ఈ మాటే చెబుతున్నానని కూడా రాశాడు. నవ్విన నాపచేనే పండిందని నేను అనుకున్నాను, కానీ పంట ఎవరిదో కార్యదర్శి చెప్పకూడదు.

అక్కడినుంచి పనులు చురుగ్గా సాగాయి. ఆ విరామానికి ‘మహామౌనం’ అని నామకరణం జరిగింది. పాఠశాలల్లో పియానోల ముప్పై ఏడో మెట్టు కింద జిగురు పోశారు. బృందగానం నేర్చుకునేవాళ్ళు ఆ స్వరం వచ్చినప్పుడు నోరు మాత్రం తెరవాలనీ, శబ్దం చేయరాదనీ ఉత్తర్వు వెళ్ళింది. విశ్వవిద్యాలయంలో ఒకాయన మహామౌనం మీద నాలుగు వందల పుటల పరిశోధన సమర్పించి పట్టా పొందాడు. ఆ మెట్టు ఎందుకు పలకదో మందిరానికి వచ్చి ఎవరినైనా అడిగి ఉంటే అర పేజీలో తేలిపోయేది, పట్టా వచ్చేది కాదు.

ఇంత గొప్ప పక్కింటాయన ఎవరో తెలుసుకుని సన్మానించాలని సమితి నిశ్చయించింది. కాగితాలు శ్రుతమ్మ తెచ్చి పెడుతుందని వాద్యకారుడు చెప్పాడు. ఆమెను పిలిచి అడిగితే నేల చూపులు చూసింది. పద్నాలుగో నియమం ఆమెకు కంఠతా వచ్చు. అయితే సమితి తెలివితక్కువది కాదు. పక్కింటాయన కాగితాలు శ్రుతమ్మ దగ్గర ఉన్నాయంటే, ఆయన శ్రుతమ్మ పక్కింట్లో ఉండాలి. వెళ్ళి చూశాం. ఆమె ఇంటికి ఒక పక్క సందు, మరో పక్క ఒకే ఒక్క ఇల్లు. రహస్యం విడిపోయింది.

ఆ ఇంట్లో ఉండే ఆయన సరుకుల యార్డులో కాటా దగ్గర లారీల బరువు చూసి రాసే గుమాస్తాగా పనిచేసి మానేశాడు. ఎడమ చెవి అసలు వినపడదు, కుడిచెవి పిలిస్తే తిరుగుతుంది. మేము వెళ్ళేసరికి కిటికీకి రంగు వేసుకుంటున్నాడు. అధ్యక్షులవారు చేతులు పట్టుకుని ‘మహానుభావా’ అన్నారు. “నాకు పాటలూ గీటలూ రావండీ, మీరెవరింటికో వచ్చారు” అని ఆయన చెప్పాడు. ఆ వినయానికి విమర్శకుడి కళ్ళు చెమ్మగిల్లాయి. రెండో రోజూ కాదన్నాడు. మూడో రోజు కోప్పడి తలుపు వేశాడు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. ఇంత గట్టిగా కాదనడం పూర్తి అంగీకారమని సమితి భావించింది. ఆయన భార్య ఒక్కతే, “మా ఆయన పుట్టి బుద్ధెరిగాక ఈల కూడా వెయ్యలేదు” అంది. దాన్ని మహామౌనానికి మొదటి సాక్ష్యంగా నమోదు చేశాను.

నాలుగో రోజు, మందిరం మొదటి వరుసలో చేతులున్న మెత్తని కుర్చీ ఒకటి ఆయన పేరు మీద వేయిస్తామని చెప్పాం. జీవితమంతా కాటా పక్కన మూడుకాళ్ళ పీట మీద కూర్చున్న మనిషి. కుర్చీ చూపించమన్నాడు. కూర్చుని వెనక్కి వాలి చూశాడు. తరువాత లేవలేదు. నెల తిరిగేసరికి ఉపన్యాసాలు కూడా ఇవ్వసాగాడు. “ఖాళీ లారీకి కూడా బరువుంటుంది. ముందు దాన్ని చూడాలి. అది చూడనివాడికి సరుకు సంగతి తెలీదు” అని ఒక సభలో చెప్పాడు. సభ అయిదు నిమిషాలు లేచి నిలబడింది. ఆయన చెప్పింది కాటా సంగతే.

ఈ సన్మానాలన్నీ జరుగుతున్నప్పుడు శ్రుతమ్మ గొట్టాల వెనక కూర్చుని వినేది. ఆమెకు కోపం వచ్చిందేమోనని మీరు అనుకోవచ్చు. రాలేదు. సంతోషించింది. పాటలకు ఇంత గౌరవం వచ్చింది గనుక ఇక మెట్టు బాగుచేయిస్తారని ఆ వెర్రితల్లి అనుకుంది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి నిలబడింది. కిటికీలో దస్త్రం చూసింది. నెలాఖరుతో తన కొలువు ముగుస్తుందనీ, ఈలోగా ముద్ర తీయిస్తే సంచి కుట్టి వెళ్ళిపోతాననీ అడిగింది. ఆ మెట్టు మౌనం ఇప్పుడు నగర వారసత్వ సంపద అయిందనీ, మరమ్మతు అనే మాట వాడటం కూడా మంచిది కాదనీ నేను వివరించాను.

ఆమె కొంగుచాటు నుంచి ఒక పాత కాగితం తీసి బల్ల మీద పరిచింది. ‘గొడుగు మరిచినవాడు’ మొదటి ప్రతి. పాట పైకి ఎక్కి ఆగే చోట పెన్సిలుతో ఒక స్వరం రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో ‘బాగయ్యాక’ అని ఉంది.

“ప్రతి పాటలోనూ ఆ చోటు అట్టే పెట్టాను సార్” అంది. “పదకొండేళ్ళుగా గుంత పక్కనుంచి తిరిగి నడుస్తున్నాను. పోయేలోగా ఒక్కసారి తిన్నగా నడిస్తే ఎలా ఉంటుందో వినాలని ఉంది.”

“ఇదంతా నువ్వే రాశావని నాకెందుకు చెబుతున్నావు? పద్నాలుగో నియమం ఉంది” అన్నాను.

“మీకు తెలీదా ఏంటి?” అంది.

తెలుసు. మొదటి పాటనుంచీ తెలుసు. జానెడు తోలు అడిగిన అర్జీలోనూ, పాట కాగితంలోనూ చేతిరాత ఒకటే. ఇరవై రెండేళ్ళు చేతిరాతలు చూసినవాడికి తెలియకపోవడానికి వీల్లేదు. అయితే తెలియడం వేరు, తెలిసినట్టు నమోదు కావడం వేరు. కొత్తగా అర్జీ పెట్టుకోమని సలహా ఇచ్చాను. ఆమె కాగితం మడిచి దాచుకుని వెళ్ళిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరట్లో ఇన్నేళ్ళుగా ఒక చెట్టు ఉన్న సంగతే సమితికి తెలియదు, తెలిసిన నేను దాని కిందే కూర్చుని తీర్మానాలు రాసుకున్నాను.

నెలాఖరుకు మూడు రోజుల ముందు, ఒక ఆదివారం ఉదయం, పక్కింటాయన మహోత్సవం జరిగింది. మందిరం కిక్కిరిసింది. అధ్యక్షులవారు ప్రారంభోపన్యాసం చేశారు. “మన నగరం దగ్గర అరవై మెట్లున్నాయి. ఇతర నగరాల దగ్గర అరవై ఒకటి ఉండవచ్చు. అయినా వారు పేదవారు” అన్నారు. చప్పట్లు మోగాయి. పక్కింటాయన తన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. వాద్యకారుడు వచ్చి కూర్చుని, ముందర పెట్టిన కాగితం వాయించడం మొదలుపెట్టాడు.

అది ఆ పాత కాగితమని మాకు తెలియదు. తెల్లవారాక మందిరం తలుపులు తీసీ తీయగానే శ్రుతమ్మ లోపలికి పోయి లక్క ముద్ర పగలగొట్టిందనీ, తన చేతిసంచి అడుగు భాగం కత్తిరించి తోలుసంచి కుట్టి అతికించిందనీ తరువాత విచారణలో తేలింది. ఆ పనికి రెండు గంటలు పట్టిందట. మధ్యాహ్నందాకా కూడా అక్కర్లేకపోయింది.

పాట ఒక్కో మెట్టూ ఎక్కింది. జనం తలలు వంచడానికి సిద్ధమయ్యారు. నేనూ మెడ వదులు చేసుకున్నాను. పైదాకా వెళ్ళింది. వెళ్ళి, పలికింది.

ఇక్కడ కార్యదర్శి రాయకూడని మాట ఒకటి రాస్తున్నాను. అంత అందమైన స్వరం నేను జన్మలో వినలేదు. గొప్ప స్వరమేమీ కాదు; మామూలుది, రావలసిన చోట వచ్చింది, అంతే. పదకొండేళ్ళుగా వానలో చూరు నుంచి చూరుకు గెంతుతున్న ఆ మనిషి ఇల్లు చేరినట్టు అనిపించింది. హాల్లో ఎవరో “అమ్మయ్య” అన్నారు. గట్టిగా కాదు గానీ, వినపడింది.

వంగబోయిన తలలు లేచాయి. ముందు గుసగుసలు, తరువాత కేకలు. తప్పు, తప్పు అని మొదటి వరుస అరిచింది. విమర్శకుడు స్తంభం వెనకనుంచి బయటికి వచ్చి, అవమానం జరిగిందని ప్రకటించాడు. వాద్యకారుడు మాత్రం కాగితం అయ్యేదాకా ఆపలేదు. గొట్టాల సందులోనుంచి ఒక ముఖం కనపడింది. శ్రుతమ్మ కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఆమెకు ఆ కేకలు వినపడుతున్నట్టు లేదు. చెవుల్లో దూది ఉందేమో అనుకున్నాను; తరువాత చూస్తే దూది ఆమె పిడికిట్లో ఉంది.

విచారణ ఆ మధ్యాహ్నమే నా గదిలో జరిగింది. కొన్ని పనులు మేము వెంటనే చేయగలం.

“ఆ స్వరం అక్కడ ఎందుకొచ్చింది?” అని అధ్యక్షులవారు అడిగారు.

“అక్కడ రావాల్సింది అదే కాబట్టి” అంది శ్రుతమ్మ. “ఆ పాట నేనే రాశానండీ. అన్నీ నేనే రాశాను. మెట్టు చెడిపోయిందని అక్కడ ఆపాను. బాగైంది, ఆపలేదు. ఇందులో ఇంకేం లేదు.”

గదిలో జాలిగా నవ్వారు. కాగితం చూపించింది. పెన్సిలు సున్నా చూపించింది. విమర్శకుడు అద్దం పెట్టి పరిశీలించి, సమితి వేయించిన అచ్చు ప్రతిలో ఈ స్వరం లేదు కనుక ఈ రాతప్రతి అచ్చు ప్రతికి నకిలీ అని తేల్చాడు. ఒకవేళ ఆమే రాసిందనుకున్నా, రాసినవారికి తమ రచన అర్థం కావాలన్న నిబంధన ఏదీ లేదని కూడా చెప్పాడు. చివరికి పక్కింటాయనను పిలిచి అడిగారు. ఆయన శ్రుతమ్మ వంక ఒకసారి చూశాడు. ఇరవై ఏళ్ళ ఇరుగుపొరుగు. కాటా దగ్గర ఒక్క కిలో కూడా తప్పు రాయలేదని పేరున్న మనిషి. మందిరం నుంచి వెంట తెప్పించుకున్న తన కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించాడు.

“నేనైతే అక్కడ ఏమీ పెట్టలేదు” అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. నిజమే రాసుకున్నాను.

తరువాత కార్యదర్శికి ఏమైనా తెలుసా అని నన్ను అడిగారు. అర్జీ కిటికీలో ఉంది. చేయి చాచితే అందుతుంది. తీసి ఆ రాత పక్కన ఈ రాత పెడితే అయిపోతుంది. బయట కాస్త గాలిగా ఉంది. దస్త్రం తీస్తే రెక్క కొట్టుకుంటుంది. సమితి దృష్టికి రాని విషయమేదీ తన దృష్టికి రాలేదని కార్యదర్శి తెలియజేశాడు.

శ్రుతమ్మను కొలువు ముగియడానికి మూడు రోజుల ముందు తొలగించారు. ముప్పై ఏడో మెట్టును పూర్వస్థితికి తెచ్చే ప్రతిపాదన అదే సమావేశంలో వచ్చింది, బలపరచబడింది, ఆమోదం పొందింది. వడ్రంగి వచ్చి కొత్త తోలుసంచిని పట్టుకారుతో పీకేశాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఏ జంతువు తోలని ఎవరూ అడగలేదు. హాల్లో “అమ్మయ్య” అన్నదెవరో కనిపెట్టడానికి ఉపసంఘం వేశారు, తేలలేదు. ఉపసంఘానికి కార్యదర్శిని కూడా నేనే, నా గొంతు నేను గుర్తుపట్టకుండా జాగ్రత్తపడ్డాను.

నిన్న రొట్టెల దుకాణం దగ్గర వరుసలో నిలబడ్డాను. నాకు ముందు అయిదో మనిషి శ్రుతమ్మ. అడుగు కత్తిరించిన చేతిసంచికి గుడ్డముక్క వేసి కుట్టుకుంది. వేచి ఉండి ఉండి, తనకు తెలియకుండానే ‘గొడుగు మరిచినవాడు’ కూనిరాగం తీయసాగింది. పైమెట్టు దాకా వెళ్ళింది. ఆగలేదు. వరుసంతా ఆమె వంక చూసింది. ముందున్న ఒక నర్సమ్మ, మంచి మనిషే, ఆమె భుజం మీద చెయ్యి వేసి, “అక్కడ ఆపాలమ్మా. నీకు ఎవరో తప్పు నేర్పారు” అని చెప్పింది.

“అక్కడ ఏం వస్తుందమ్మా?” అని శ్రుతమ్మ అడిగింది.

“ఏమీ రాదు. పక్కింటాయన అక్కడ ఏమీ రాయలేదు” అని నర్సమ్మ పాడి చూపించింది. వరుసలో ఉన్నవాళ్ళందరూ సాయంగా గొంతు కలిపారు. పైకి ఎక్కి, ఆగి, తల వంచి, దిగారు. ఎంత ఒద్దికగా పాడారంటే మందిరంలో కూడా అంత బాగా కుదరదు.

శ్రుతమ్మ నావైపు తిరిగింది. “అంతేనంటారా కార్యదర్శి గారూ?” అంది.

వరుసంతా నన్నే చూస్తోంది. అంతేనన్నాను.

ఆమె రొట్టె తీసుకుని సందు మలుపు దాకా పాడుకుంటూనే వెళ్ళింది, తప్పుగా. ఇది సమితి దృష్టికి తీసుకురాలేదు. అవసరం లేదు. గాలిపెట్టెకు ముద్ర వేశాం గానీ ఎవరి నోటికీ వేయలేదు. వేయాల్సిన పని పడలేదు. అందుకే చెబుతున్నాను, పాఠకులారా, ఒకసారి మీ గదిలో తలుపులు వేసుకుని ఆ పాట మీరే పాడి చూడండి. ఆ పాట రాదంటారా, మీ ఊళ్ళో మీకు నేర్పింది ఇంకేదో ఉంటుంది, అదే పాడండి. ఎవరూ వినడం లేదు. ఎవరూ ఆపడం లేదు. పైకి వెళ్ళండి. ఆగారు కదా? తల కూడా కాస్త వంచారా? మంచిది. తీర్మానంలో ఏకగ్రీవంగా అని నేను ఊరికే రాయలేదు.